మూడో పిలుపు

మా అమ్మ ఓబమ్మ నన్ను మరచిపోయి రెండేళ్లయింది. పక్షవాతం ఆమె కుడిచెయ్యి తీసుకుపోయింది, వెనకే వచ్చిన మతిమరుపు నన్ను తీసుకుపోయింది. రోజూ సంగటి ముద్ద నోట్లో పెట్టేది నేనే. "ఎవురమ్మా నువ్వు, శానా మంచిదానివి" అంటుంది. ఆ మంచితనాన్ని ఏం చేసుకోను?

మెదడు జబ్బుల మీద బెంగళూరులో పరిశోధన చేసే డాక్టరు సింధుశ్రీ మా పావగడ పిల్లే. రాయచెర్లులో మా ఇంటికొచ్చి నా గొంతు ఫోనులో రికార్డు చేసుకుంది. 'అమ్మా' అని రెండుసార్లు పిలవాలి, అంతే. మేకలు అరిచి నాలుగుసార్లు చెడగొట్టాయి. "ముందు వాటికి చెప్పు మేడం, ఇది రీసెర్చి అని" అన్నాను. అమ్మను స్కాన్ మిషన్లో పడుకోబెట్టి ఆ పిలుపు వినిపిస్తారట. మెదడు గుర్తుపడితే తెరమీద ఎర్రగా వెలుగుతుందట. నోరు మరచినా మెదడు మరచిపోయుండదు అంది. ఆ ఒక్క మాటకే అమ్మను తీసుకుని బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం. చల్లటి గది. స్పిరిట్ వాసన. గాజు అవతల మిషన్ టకటకమని కొడుతోంది. అమ్మ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"అమ్మా..." నా రికార్డు.

తెర నల్లగానే ఉంది.

"అమ్మా..."

నల్లగానే.

ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు తట్టింది. ఒకటి రెండుసార్లు పిలిచేది గాలి, మూడోసారి పిలిస్తేనే మనిషి, అందాకా పలకొద్దని నాకు నేర్పింది అమ్మే.

"మేడం, దెయ్యమనుకోని మాయమ్మ పలకల్యా. ఇంగొక తూరి పిలిపీ."

సింధుశ్రీ నవ్వలేదు. "రికార్డులో రెండే ఉండాయి. మైకులో నువ్వే పిలువక్కా."

మైకు ముందుకు వంగాను. నోరింకా తెరవలేదు...

"అమ్మా..."

అమ్మ ఉన్న గదిలోంచి. నా గొంతే.

తెరంతా ఎర్రబడింది.

"ఓయ్... వస్తాండానే సౌభాగ్యా."

రెండేళ్ల తర్వాత నా పేరు. అదీ నాకు కాదు.

"నువ్వు పిలిచినావా?" సింధుశ్రీ గుసగుసగా అడిగింది. తల అడ్డంగా ఊపాను.

ఇంటికొచ్చి పదకొండు రోజులు. మధ్యాహ్నమైతే అమ్మ మూసిన వాకిలి ముందు కూర్చుంటుంది. నేను మూడుసార్లు కాదు, ముప్పైసార్లు పిలిచినా నావైపు తిరగదు.

"ఊరికే ఉండమ్మా నువ్వు. నా బిడ్డ బయట పిలుస్తా ఉండాది. పాపం, ఎండలో నిలబడుండాది. వాకిలి తీయి."

కిటికీలోంచి చూస్తే మనిషి జాడ లేదు. మా పాత పొలంలో సోలార్ ప్యానెళ్లు, ఎండ, అంతే. కానీ ఏడుపు వినిపిస్తుంది. నా ఏడుపు నాకు తెలియదా?

నిజం చెప్తున్నా, ఈరోజు వాకిలి తీసేద్దామనిపించింది. అమ్మకు నేను ఇవ్వలేని బిడ్డను అదైనా ఇస్తుంది కదా. గడియ మీద చెయ్యి వేశాను.

బయట ఏడుపు ఆగింది. తలుపుకు అంత దగ్గరగా... నా గొంతు, భయంతో వణుకుతూ...

"లోపల మాయమ్మ దగ్గర ఉండేది ఎవురు?"