మాస్టారి జంటపట్టీ

ఎనభై కిలోల బార్ హైమ తల మీదికి లేచింది. పది అడుగుల అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కోచ్ సింహాచలం మాస్టారు "అబ్బ!" అన్నారు. ఆయన కుడి మోచెయ్యి తిన్నగా సాగింది, దాని మీద బరువు కుదురుగా కూర్చుంది. నిజానికి సాగలేదు. ఆ మోచెయ్యి ముప్పై ఏళ్ళుగా వంగే ఉంది. కానీ సాగినట్టు ఆయనకు స్పష్టంగా తెలిసింది.

"సిగ్నల్ అందిందా మాస్టారూ?" ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి అడిగారు డాక్టర్ ఫర్జానా.

"అందిందమ్మా," అన్నారాయన.

ఇది 2041 నాటి మాట, విజయనగరం శివార్లలోని ఒక వెయిట్‌లిఫ్టింగ్ హాల్లో. డాక్టర్ ఫర్జానా ఈ జంటపట్టీ కనిపెట్టడానికి కారణం చాలా మామూలుది. మన ఆటగాళ్ళకు ఒక జబ్బుంది. కోచ్ వచ్చి "ఎలా ఉంది?" అంటే చాలు, కాలు విరిగినా సరే "బాగానే ఉంది సార్" అంటారు. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారని భయం, పెద్దాయన ముందు సణగడం ఏం బాగుంటుందని మొహమాటం. హైమ అయితే ఆ జబ్బుకు మహారాణి. నిరుడు వేలి ఎముక చిట్లితే పదహారు రోజులు నోరు విప్పలేదు. అందుకని అసలు నోటితో పనే లేకుండా చేశారు డాక్టర్ గారు. ఆటగాళ్ళ కీళ్ళ దగ్గర సన్నటి పట్టీలు అంటిస్తారు. కండరాల్లోంచి మెదడుకు వెళ్ళే విద్యుత్ సంకేతాలను అవి పట్టుకుని, కోచ్ రెండు చేతులకూ భుజాలదాకా ఉన్న తొడుగులకు పంపుతాయి. తొడుగులు వాటినే ఆయన నరాలకు అందిస్తాయి. ఎక్కడో జరిగే మ్యాచ్ మన ఇంట్లో టీవీలో కనబడ్డట్టే, శిష్యురాలి భుజంలో జరిగేది గురువు భుజంలో తెలుస్తుంది. రాష్ట్రంలో నలభై మంది కోచ్‌లకు వీటిని ప్రయోగంగా ఇచ్చారు.

మొదటి పదిహేను రోజులూ అద్భుతంగా సాగింది. "మణికట్టు ముందే మడిచేస్తున్నావు", "ఎడమ భుజం ఆలస్యంగా బిగుస్తోంది" అని మాస్టారు కూర్చున్న చోటి నుంచే చెప్పేవారు. హైమ ఎనభై నుంచి ఎనభై ఆరు కిలోలకు వెళ్ళింది. జాతీయ జట్టు సెలెక్షన్‌కు ఇంకా నెలన్నర ఉంది. పందొమ్మిదేళ్ళ ఆ పిల్లకు దాన్ని మించిన కల లేదు.

సరిగ్గా అలాంటి సెలెక్షన్‌లోనే, ఇరవై మూడేళ్ళ వయసులో, బార్ తల మీద ఉండగా మాస్టారి మోచేతి కీలు తప్పింది. ఆ తరువాత ఆయన ఎంతోమంది చేత బరువులెత్తించారు గానీ, తను నీళ్ళ బిందె కూడా ఎత్తలేదు. మోచేతులు బిగిశాక ఒక్క క్షణం, బరువు కండ మీంచి దిగి ఎముక మీద కూర్చుంటుంది. అప్పుడు ఒంట్లో ఎక్కడా కష్టం ఉండదు. అది ఎత్తిన వాళ్ళకే తెలుస్తుంది. ఆ క్షణం కోసం మాస్టారు ముప్పై ఏళ్ళు మొహం వాచి ఉన్నారు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు. ఏమని చెబుతారు?

అందుకే, "ఇంకో రెండు ఎత్తమ్మా" అనడం మొదలైంది. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. హైమ "సరే సార్" అనేది. మాస్టారు కళ్ళు మూసుకునేవారు.

నాలుగో వారంలో హైమ కుడి భుజంలో పోటు మొదలైంది. ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కదా, పట్టీ చెప్పింది. కీలు లోపల సూది గుచ్చినట్టు, ఎత్తిన ప్రతిసారీ కొంచెం ఎక్కువగా. అదేమిటో మాస్టారికి తెలియక కాదు. విశ్రాంతి ఇస్తే తగ్గేది, ఇవ్వకపోతే తెగేది. ఈ రోజుకు ఆపేద్దాం అనుకుంటూనే "ఇంకొక్కటి" అన్నారు. పోటు వెనకాలే ఆ క్షణమూ వచ్చింది. మర్నాడూ అంతే. నాలుగో నాడు హైమ బార్ దించి, జడ వెనక్కి వేసుకోబోయింది. కుడి చెయ్యి పైకి రాలేదు. ఎవరూ చూడలేదనుకుని ఎడమ చేత్తో సర్దుకుంది.

మాస్టారు తొడుగులు విప్పేశారు. చేతులు బోసిగా అనిపించాయి.

"హైమా, ఇలా కూర్చో. నీ భుజం నొప్పి నాకు నాలుగు రోజులుగా తెలుసు."

"తెల్సు సార్, పట్టీ ఉంది కదా. అయినా మీరు ఎత్తమంటన్నారంటే పర్నేదేమో అనుకున్నాను."

ఆ మాటకు ఆయన ప్రాణం చివుక్కుమంది.

"పరవాలేదని కాదమ్మా. నాకు ఎత్తాలనిపించి. నీ ప్రాక్టీసుకు పది చాలు. మిగతావన్నీ నీ చేతులతో నేను ఎత్తుకున్నాను."

హైమకు ఎంత కోపం వచ్చిందో మొహమే చెబుతోంది. భుజం మీది పట్టీ పీకి ఆయన పక్కన పెట్టింది.

"నాకు నొప్పొస్తే నోటితోనే సెప్తాను సార్. అలవాటు నేదు గానీ నేర్సుకుంటాను. మీకేటి కావాలో మీరూ నోటితోనే అడగండి."

పన్నెండు రోజుల విశ్రాంతి తరువాత మళ్ళీ బార్ పట్టుకుంది. సెలెక్షన్‌లో, పట్టీ లేకుండానే ఎనభై ఎనిమిది ఎత్తింది. జట్టులో చోటొచ్చింది. తిరుగు రైల్లో మాస్టారు సిగ్గుపడుతూనే అడిగారు, బరువు తల పైన నిలబడ్డప్పుడు ఎలా ఉందని. హైమ చేతులు తిప్పుతూ చెప్పింది. చాలా చక్కగా చెప్పింది, పాపం. ఆయన ఆశగా విన్నారు. మాటలు చెవి దగ్గరే ఆగిపోయాయి, మోచేతిదాకా రాలేదు.

వారం తరువాత డాక్టర్ ఫర్జానా ఫోన్ చేశారు.

"జంటపట్టీ తిరిగి పంపింది మీరొక్కరే మాస్టారూ! మిగతా ముప్పై తొమ్మిది మందీ ఇవ్వమంటే ఇవ్వమంటున్నారు. రోజుకు రెండు గంటలు ఎక్కువ ప్రాక్టీసు చేయిస్తున్నారట. ఇంతకీ మీ దాంట్లో లోపమేమిటి?"

"యంత్రంలో ఏ లోపమూ లేదమ్మా. ఆ పిల్లల భుజాలు ఎలా ఉన్నాయో చూశారా?"

"మేం చూడడమెందుకండీ? నొప్పి ఉంటే కోచ్‌కు తెలిసిపోతుంది కదా. అందుకేగా ఇంత కష్టపడి దీన్ని చేసింది!" ఆవిడ గర్వంగా నవ్వారు.

ఆ ముప్పై తొమ్మిది మందిలో ఒకప్పుడు ఆడి, తనలాగే మధ్యలో ఆగిపోని వాళ్ళెవరున్నారు? హైమకు చెప్పడమే కష్టమనుకున్నారు మాస్టారు. ఈవిడకు చెబితే రిపోర్టులో రాస్తారు, పేరుతో సహా.

"తెలుస్తుందమ్మా," అన్నారు. "తెలిసే ఎత్తిస్తున్నారు. నేనూ అలాగే ఎత్తించాను."