పొడపత్రి సీసా

ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక కర్నూలుకు ఆఫీసులతో పాటు దొంగతనాలూ పెరిగాయి. అందుకు బాధపడనివాడు ఊరు మొత్తం మీద డిటెక్టివ్ కంబన్న ఒక్కడే. ఆ ఎండాకాలపు ఉదయం డాక్టర్ దావీదురాజు చెమటలు కక్కుతూ కంబన్న ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ గారు తీరిగ్గా వక్కపొడి నములుతున్నాడు. అసిస్టెంటు చిన్న ఈరన్న కుర్చీ లాగి వేశాడు.

"కొంప మునిగింది, కంబన్న గారూ," అన్నాడు డాక్టరు.

చక్కెర వ్యాధికి పొడపత్రి ఆకు పనిచేస్తుందా లేదా అని ఆయన తన లాబొరేటరీలో కుందేళ్ల మీద పరీక్షిస్తున్నాడు. పొడపత్రితో కలిపి మూడు రకాల ఆకుల పొడులు మూడు సీసాల్లో పోసి లక్క ముద్రలు వేశాడు. ఏ సీసాలో ఏముందో పనివాళ్లకు తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఫలహారానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి మూడు ముద్రలూ పగిలి ఉన్నాయి.

"పొడపత్రి నాలుకకు తగిలితే చాలాసేపు చక్కెర కూడా ఇసుకే. పొడపత్రి సీసాలో పొడి చప్పరించి చక్కెర వేసుకున్నా. తియ్యగానే ఉండాది. అసలు పొడి తీసి ఇంకేదో పోసినారు. రేపు ఈ పరీక్ష చూసేకి మద్రాసు నుంచి పెద్ద డాక్టర్లు వస్తాండారు."

"అనుమానం ఎవరి మీద?"

"ఆకు తెచ్చే గురమ్మ దొంగ. తన ఆకు పనికిరాదని తేలిపోతుందని భయపడింటాది. అప్పుడు లాబొరేటరీలో ఉన్న ముగ్గురినీ లోపలే పెట్టి తాళం వేసి వచ్చినా. సాయంత్రం లోపల తేలకపోతే ఆమెను పోలీసులకు అప్పజెప్తా."

కంబన్న ఈరన్న చెవిలో ఏదో చెప్పాడు. శొంఠి, మిరియాలు, రంగుకు కాస్త చింతపండు వేసి పానకం కలపాలట, బెల్లం మాత్రం వేయకూడదట. గురువుగారికి వడదెబ్బ తగిలిందేమోనని ఈరన్నకు దిగులు పుట్టింది. అయినా చెప్పినట్టే చేశాడు.

లాబొరేటరీ పక్క గదిలో ఒక్కొక్కరినే పిలిచి, ముందు గ్లాసు ఇచ్చి తర్వాత ప్రశ్నలు అడిగాడు కంబన్న. కుందేళ్లకు మేత వేసే నాగలక్ష్మమ్మ ఒక్క గుక్కకే మొహం చిట్లించింది.

"బెల్లం కరువొచ్చిందా అప్పా మీకు?"

గురమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. "మిరియాల నీళ్లు నాకెందుకప్పా? శ్రీశైలం అడివిలో నుంచి ఆకు మోసుకొచ్చిస్తే దొంగ అంటాండారు. రేపు మా ఊర్లో మొగమెట్లా చూపించేది?"

పరీక్షలు చేసే వెంకటేశ్వర్లు మాత్రం గడగడా తాగేశాడు. "తీపి సరిగ్గా కుదిరింది సార్," అన్నాడు.

కంబన్న అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు.

"ముద్రలు మూడూ పగిలాయి. గురమ్మ దొంగైతే ఒకటి చాలు, తన ఆకును వాసనతో పట్టేస్తుంది. ఈ దొంగకు ఏది ఏదో తెలీదు, రుచి చూడక తప్పలేదు. తీపి తెలీని నాలుకతో నా ముందుకొచ్చాడు. తెలీదంటే దొరికిపోతానని, బెల్లమే లేని పానకాన్ని మెచ్చుకున్నాడు. పొడి ఎక్కడ పెట్టినావప్పా, వెంకటేశ్వర్లూ?"

వెంకటేశ్వర్లు సైకిల్ సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"చక్కెర జబ్బుతో మా అమ్మకు కండ్లు పోతాండాయి సార్. పరీక్ష ముగిసేదాకా పొడి ఎవరికీ ఇయ్యకూడదంటిరి. అందాకా ఆ చూపు ఆగదు."

ఈరన్నకు దొంగను పట్టినందుకు సంతోషించాలో లేదో తెలియలేదు.

"నాతో చెప్పింటే ఆస్పత్రిలో చేర్పించేవాణ్ణి కదా," అన్నాడు దావీదురాజు. "గురమ్మ మీద నింద పడతాందని తెలిసీ ఊరుకుంటివే."

గురమ్మ లేచి నిలబడింది. "వాడు తల్లి కోసం తీసినాడు. నన్ను దొంగ అనింది వాడు కాదు డాక్టరప్పా, నువ్వు."

డాక్టరు చేతులు జోడించాడు.

"తప్పు నాదే, గురమ్మా."

"ఈ నలుగురి ముందర అంటే సరిపోదు. రేపు మద్రాసోళ్ల ముందర అంటావా?"

"అంటాను."

"అయితే రేపు పొద్దున్నే తాజా ఆకు తెస్తా," అంది గురమ్మ. "అది నీ చేతికిచ్చి, ఆ మాట ఇనేదాకా ఈడనే కూర్చుంటా."