కార్డు లేని ప్రశ్న

"పొద్దున మీటింగులో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావట కదా!"

మేకప్ గదిలోకి సుడిగాలిలా వచ్చిపడింది వర్లీన్. మెడచుట్టూ టవలుతో, సగం మొహానికే పౌడరుతో కూర్చున్న డెల్మర్ ప్రూయిట్ ఆమెను అద్దంలోంచే చూశాడు. నేరుగా చూసే ధైర్యం లేదు పాపం.

అమెరికా అంతా రాత్రి పడుకునే ముందు చూసే అతని టీవీ టాక్ షోను హాలీవుడ్‌లో సాయంత్రం ఐదింటికే రికార్డు చేస్తారు. ఐదు కావస్తోంది.

"నిన్ను తీసెయ్యకపోతే షోనే ఆపేస్తారట" అన్నాడు మెల్లగా.

"తెలుసు. ఊరూపేరూ లేని నల్ల పాటగాళ్ళను గెస్టులుగా పట్టుకొస్తున్నానని చానల్ పెద్దల ఏడుపు. నువ్వేమన్నావ్?"

డెల్మర్ మెడ దగ్గర టవలు సర్దుకున్నాడు.

"ఏమీ అనలేదు. అదీ నా కడుపుమంట!"

"వర్లీన్, రాత్రి షోలో హోస్టు కుర్చీలో నల్లవాడు కూర్చోవడం ఇదే మొదలు. నేను తూలితే, 'మేం ముందే చెప్పాం' అంటారు. మళ్ళీ మనవాళ్ళకి ఎప్పుడిస్తారో!"

"అయితే ఆ కుర్చీనే కరుచుకుని కూర్చో. రేపు పొద్దున నేను చికాగోకి, మా ఇంటికి వెళ్ళిపోతున్నా."

చేతిలోని నీలం కార్డులు అతని ఒళ్ళోకి విసిరి వెళ్ళిపోయింది. తలుపు దడాలున మూసుకుంది.

గెస్టులతో ముందే మాట్లాడి, ఏం అడిగితే ఏం చెబుతారో ఆ కార్డుల మీద రాసిచ్చేది ఆమే. జవాబు తెలియని ప్రశ్న అడగకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. రెండేళ్ళుగా రికార్డింగు అయ్యాక ఇద్దరూ నిప్పులమీద కాల్చిన పక్కటెముకల మాంసం తింటూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ కూర్చుంటున్నా, డెల్మర్ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేకపోయాడు. జవాబు తెలియదు మరి!

ఆ సాయంత్రం మొదటి గెస్టు వెళ్ళిపోగానే అతను కార్డులు పక్కన పెట్టేశాడు.

"వర్లీన్ టిబ్స్, ఒకసారి ఇలా రా."

చప్పట్లు మోగాయి. తెర వెనకనుంచి వచ్చి గెస్టు కుర్చీలో కూర్చుంది వర్లీన్. పెదవులు కెమెరా కోసం నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం అతన్ని నమిలి మింగేసేలా ఉన్నాయి.

"ఈ షోకి గెస్టులను తెచ్చేది ఈమె. ఈమెను తీసేస్తే నేనూ ఉండను. పైవాళ్ళకి ఇక్కడినుంచే చెబుతున్నా" అన్నాడు డెల్మర్.

రికార్డింగు నడిపించే అద్దాల గదిలో ఫోను మోగడం మొదలైంది. అది ఎవరు చేస్తున్నారో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"ఇంకొక్కటి. దీనికి కార్డు లేదు." అతను ఆమె వైపు తిరిగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"కెమెరాల ముందు అడిగితే కాదనలేననుకున్నావా? ముందు నాకు జవాబు చెప్పు. పొద్దున నోరెందుకు విప్పలేదు?"

ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"భయమేసింది. కుర్చీ పోతుందని. నువ్వు తలుపు వేసి వెళ్ళాక, అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉందని తెలిసింది."

ముందు వరుసలో, చర్చికి పెట్టుకునే పెద్ద ఊదారంగు టోపీతో కూర్చున్న డెల్మర్ తల్లి హాటీ ఇక ఆగలేకపోయింది.

"అమ్మాయ్! వాడికి చెమటలు పట్టేస్తున్నాయి. ఏదో ఒకటి చెప్పెయ్. కాదన్నా సరే, ఆదివారం నా చేతి భోజనానికి మాత్రం రావాలి!"

హాలంతా గొల్లున నవ్వింది. వర్లీన్ నవ్వలేదు. బల్లమీది ఖాళీ కార్డు ఒకటి తీసుకుని ఏదో రాసి, అతని ముందుకు తోసింది.

డెల్మర్ చదివాడు. కార్డును కోటు జేబులో, గుండెకు ఆనేలా దాచుకున్నాడు.

"జవాబు తెలియకుండా అడగొద్దని నీకెన్నిసార్లు చెప్పాను?" అంది వర్లీన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఊఁ, ఇప్పుడడుగు."