ఎర్ర కారు డోర్లో అమ్మాయి

"దిగండి! ముందు మీరు ఆ నిచ్చెన దిగండి!"

హాలంతా వినబడేలా అరిచింది ఆమె. పక్క స్టాల్లో కారు అద్దాలు తుడుస్తున్న ఇద్దరు మనుషులు గుడ్డలు పట్టుకుని అలాగే ఆగిపోయారు. నిచ్చెన మీదున్న అతను మాత్రం వెనక్కి తిరగలేదు. గోడంత ఫోటో స్టికర్ కింద చిక్కుకున్న గాలిబుడగను ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా అంచుదాకా తోస్తూ, "ఒక్క నిమిషం మేడమ్, ఈ బుడగ పోతే దిగుతా" అన్నాడు.

"బుడగ సంగతి తర్వాత. ఆ ఫోటో నాది!"

అప్పుడు తిరిగాడు.

మోటార్ షోకి జనాన్ని వదలడానికి ఇంకా రెండు గంటల టైముంది. ఫోటోగ్రాఫర్లకు ముందే దారి ఇచ్చారు. మెడలో పాసు, భుజాన రెండు కెమెరాలతో మూడో హాల్లోకి వచ్చీ రాగానే ఆమెకు తన ఫోటోనే ఎదురైంది, పదిహేనడుగుల ఎత్తున. పోయినేడు ఇదే హాల్లో, జనం కాళ్ళ మధ్య బోర్లా పడుకుని తీసిన ఫోటో అది. ఈ కంపెనీ యాభై ఏళ్ళ కిందట చేసిన మొట్టమొదటి కారు, ఎర్రగా, నిన్ననే రంగు వేసినట్టు నిగనిగలాడుతూ ఉంది. ఆ ఫోటోను ఆమె తన వెబ్ పేజీలో పెట్టుకుంది. ఎనభై ఆరు మంది బాగుందన్నారు. ఎనభై ఏడోవాడు అడక్కుండా ఎత్తుకుపోయాడన్నమాట.

ఫోటో కింద, చేతికందనంత ఎత్తులో, కంపెనీ పేరుంది. కారు పేరుంది. ఆఖరికి ఆ ఎరుపు రంగుకి ఏదో ముద్దు పేరు పెట్టి అదీ వేశారు. తీసినవాళ్ళ పేరు మాత్రం లేదు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగానే ఆమెకు కోపం ముక్కు మీదుంటుంది, ఇంట్లో తమ్ముడు "కుక్కర్" అని పిలిచేది అందుకే. కానీ ఇవాళ్టి కోపానికి ఇంకో కారణముంది. అమ్మకు ఫోటో స్టూడియో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆవిడ తేల్చి చెప్పేసింది. "నీ ఫోటోలకు పేరొస్తుందేమోనని మూడేళ్ళు చూశాను. ఈ షోకి కూడా వెళ్ళు. రేపు మధ్యాహ్నం నేనూ వస్తాను. ఎక్కడైనా సరే, ఒక్క ఫోటో కింద నీ పేరు చూపించు. చూపిస్తే ఇక నీ ఇష్టం నీది. లేదా సోమవారం నుంచి స్టూడియోలో కూర్చో."

ఇదిగో, ఇంత ఫోటో ఉంది. కింద పేరే లేదు.

అతను నిచ్చెన దిగాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. జుట్టులో ఎక్కడో స్టికర్ ముక్క అంటుకుని ఉంది. ఆమె ముఖంలోకి చూశాడు. తలకు కట్టుకున్న తెల్ల చుక్కల నీలం స్కార్ఫు చూశాడు. కళ్ళు ఇంతింత చేసుకుని, "అరే, మీరేనా!" అన్నాడు.

"మీరేనా ఏంటి? నేను మీకు తెలుసా?"

"తెలుసు అంటే... నెల రోజుల నుంచీ రోజూ మిమ్మల్ని చూస్తున్నానండి."

"ఏమన్నారూ?"

"పొద్దున్నే మీ ముఖం చూసే పని మొదలుపెడతాను. ఒక్కోసారి భోజనం చేస్తూ కూడా..."

"సెక్యూరిటీ!"

"అయ్యో, కంప్యూటర్లోనండీ! కంప్యూటర్లో!"

"అబ్బో, అంతవరకూ వచ్చిందా!"

అతను రెండు చేతులూ ఎత్తేశాడు. "తిట్టండి, కాదనను. ముందొకటి చూడండి. అక్కడ, డోర్ హ్యాండిల్ కింద."

చూడనని చెబుదామనుకుంది. కానీ కళ్ళు అప్పటికే అటు వెళ్ళిపోయాయి.

ఎర్రటి డోర్ అద్దంలా మెరుస్తోంది. అందులో హాలు దీపాలు వంగి కనబడుతున్నాయి, వాటి కింద జానెడు పొడుగున ఒక అమ్మాయి. మోచేతులు నేలకానించి, కెమెరా కంటికి పెట్టుకుని, తలకు నీలం స్కార్ఫుతో. నాలుక కొస పెదవి మూలనుంచి బయటికొచ్చి ఉంది.

ఆమె గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. తన ల్యాప్‌టాప్‌లో అక్కడ నీలం చుక్కలాంటిదేదో ఉండేది. దుమ్మనుకుని వదిలేసింది.

"కంపెనీవాళ్ళు చెరిపేయమన్నారండి" అన్నాడతను. "నేను ప్రింటింగ్ ఆఫీసులో డిజైనర్ని. నా పనే అది. ఫోటోల్లో అక్కర్లేని వైర్లు, మరకలు, మనుషులు, అన్నీ చెరపడం. మౌస్ పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు."

"ఎందుకని?"

"అందరూ కారుని చూస్తూ నిలబడ్డారు. ఆ ఫోటోలో పనిచేస్తున్నది మీరొక్కరే. పనిచేసే మనిషినే తీసేస్తే ఎలా అని అనిపించింది."

ఆ మాట ఆమెకు నచ్చింది. నచ్చినందుకు కోపం ఇంకాస్త పెరిగింది.

"మరి ఆ పనిచేసే మనిషి ఎవరో కనుక్కోవాలనిపించలేదా?"

"అడిగాను. ఇంటర్నెట్లో దొరికిందన్నారు. మళ్ళీ అడిగాను. నీ పని నువ్వు చూసుకో అన్నారు."

"బుద్ధిగా చూసుకున్నారన్నమాట!"

"చూసుకున్నాను" అన్నాడు తల వంచుకుని. "తప్పు నాదే."

ఇంకో నాలుగు మాటలు సిద్ధం చేసి పెట్టుకుందామె. తప్పు ఒప్పేసుకున్నవాడి మీద వాటిని ఏం చేసుకోవాలో తోచలేదు. అదీ ఒళ్ళు మండించింది.

ఈలోగా స్టాల్ మేనేజరు వచ్చాడు. కోటు, టై, చెవి దగ్గర ఫోను. "ఏంటయ్యా ఈ గోల? పదకొండింటికి ఛైర్మన్‌గారు రిబ్బన్ కట్ చేస్తారు, తెలుసా?"

"రిబ్బనుతో పాటు నా ఫోటో కూడా కట్ చేయించండి" అందామె. "పేరైనా వేయండి, గోడ మీంచి దింపైనా దింపండి."

మేనేజరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "మీ ఫోటో అని గ్యారంటీ ఏంటి?"

ఆమె ఫోన్లో తన పేజీ తీసి చూపించింది. అతను సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ఇది మీరూ ఎక్కణ్ణుంచో తెచ్చిపెట్టుకుని ఉండొచ్చు. ఆ కారుని వెయ్యి మంది తీశారు. ఒరిజినల్ ఉందా?"

"ఇంట్లో హార్డ్ డిస్కులో ఉంది."

"అయితే ఇంటికెళ్ళి తెచ్చుకోండి."

"ఆ డోర్లో ఉన్నది నేనే!"

"నీలం స్కార్ఫులు ఊళ్ళో బోలెడున్నాయమ్మా."

దాంతో మిగిలిన కాస్త ఓర్పూ పోయింది. "సరే. మిమ్మల్నీ ఈ గోడనీ కలిపి ఇప్పుడే ఒక ఫోటో తీస్తాను. ఇది ఎవరు తీశారో కనీసం ఇక్కడున్నవాళ్ళందరికీ తెలుస్తుంది" అంటూ మోకాలి మీద కూర్చుని, కెమెరా కంటికి పెట్టుకుంది. ఒక కన్ను మూసింది. లెన్సు రింగు తిప్పింది.

నాలుక దానంతటదే పెదవి మూలకు వచ్చేసింది.

ముందుగా, అద్దాలు తుడిచేవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. గుడ్డతో గోడను చూపించి, అదే గుడ్డతో ఆమెను చూపించాడు. రెండోవాడు గట్టిగానే నవ్వేశాడు. లైట్లు బిగిస్తున్నవాళ్ళు, పూలకుండీలు మోసుకొస్తున్నవాళ్ళు, అందరూ ఒకసారి డోర్లో అమ్మాయినీ ఒకసారి నేల మీద అమ్మాయినీ చూశారు. అదే కన్ను, అదే మోచెయ్యి, అదే నాలుక.

మేనేజరు గోడ వైపు తిరిగాడు. హ్యాండిల్ కింద చూశాడు. ముఖం జేవురించింది. "ఆ అమ్మాయిని చెరిపేయమన్నాను కదయ్యా!" అని డిజైనర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏ అమ్మాయిని సార్?" అని మెల్లగా అడిగాడు డిజైనర్.

డోర్లో ఉన్నది ఈమేనని తన నోటితో తనే ఒప్పేసుకున్నట్టు మేనేజరుకి అప్పుడర్థమైంది. టై సర్దుకున్నాడు. గొంతులో ఎక్కడలేని మర్యాద వచ్చేసింది.

"సరేనమ్మా, ఎందుకింత రాద్ధాంతం? మూలన చిన్నగా పేరు వేయిద్దాం."

"చిన్నగా వద్దు."

"కారు పేరంత వేయమంటారా ఏంటి?"

"అంత దురాశ లేదు. రంగు పేరు ఎంతుందో నా పేరూ అంతుండాలి. ఆ ఎరుపుకిచ్చిన మర్యాద నాకూ ఇవ్వండి."

పదకొండు కావడానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది. మేనేజరు దండం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు.

డిజైనర్ మిగిలిపోయిన తెల్ల స్టికర్ షీటు నేల మీద పరిచి, కట్టర్ తీశాడు. "మీ పేరు చెప్పండి."

"ఇప్పుడా అడగడం?"

"నెల్రోజుల నుంచీ అడగాలనే ఉందండి. అడుగుదామంటే ఎదురుగా మనిషి లేకపోయె."

చెప్పింది. మూడే అక్షరాలు. అతను పెదవులు కదిలించి ఒకసారి అనుకుని చూసుకున్నాడు. "బాగుంది. నేను వేరేది పెట్టాను."

"నాకు పేరు కూడా పెట్టేశారా! ఎవరు పెట్టమన్నారు?"

"కంప్యూటర్లో ఫైలుకి ఏదో ఒక పేరుండాలి కదండీ."

"ఏం పెట్టారు?"

"ఇప్పుడు చెప్తే మీరు నిచ్చెన వదిలేస్తారు."

నిజమే, అప్పటికే అతను పైకెక్కాడు, నిచ్చెన పట్టుకుని ఉన్నది ఆమే. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలీదు. మొదటి అక్షరం అంటించాడు. రెండోది అంటించాడు. మూడోది గోడకు ఆనిస్తూ, కిందికి చూడకుండానే, "ఇదయ్యాక మీకు టీ తాగే టైముంటుందా?" అన్నాడు.

నిచ్చెన ఊగింది.

మధ్యాహ్నానికి హాలు జనంతో నిండిపోయింది. అమ్మ చంకలో బ్యాగు పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చి గోడ ముందు నిలబడింది. కళ్ళజోడు పైకి నెట్టుకుని కారునంతా చూసింది. డోర్ దగ్గర ఆగింది.

"చిన్నప్పుడు సున్నాలు చుట్టేటప్పుడూ ఇంతే" అంది. "ఆ నాలుక బయటపెట్టకుండా ఒక్క సున్నా చుట్టలేదు."

తర్వాత కిందికి చూసింది. పేరు చదివింది. మళ్ళీ చదివింది. అది తను పెట్టిన పేరే. కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"అమ్మా..." అందామె.

"మూడో అక్షరం వంకరగా ఉంది. ఎవరు అంటించారు?" అంది అమ్మ.

"నేనేనండీ." డిజైనర్ చేతిలో రెండు టీ కప్పులతో వచ్చి నిలబడ్డాడు. అమ్మను చూసి రెండోది ఆవిడకిచ్చేశాడు. "నిచ్చెన ఊగిందండీ."

"నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె సీలింగు వైపు చూసింది.

"తల కాస్త ఎడమకి తిప్పు బాబూ. గడ్డం పైకి" అంది అమ్మ. ముప్ఫై ఏళ్ళ అలవాటు. అతను టీ కప్పు పట్టుకునే తల తిప్పాడు.

"వాళ్ళు నన్ను చెరిపేయమంటే ఇతను చెరపలేదమ్మా" అని చెప్పిందామె. చెప్పాక, తను అతన్ని మెచ్చుకుంటున్నట్టుందేమోనని, "ఎవరు తీశారో మాత్రం కనుక్కోలేదు!" అని గబగబా కలిపింది.

అమ్మ టీ ఒక గుక్క తాగింది. "చెరపడం ఒక్క నిమిషం పని. మొటిమ తీసేయండి, మచ్చ తీసేయండి అంటారు, తీసేస్తాం. ఉంచాలంటేనే మనసుండాలి" అంది. కప్పు ఖాళీ చేసి, "సోమవారం పదింటికి స్టూడియోకి రా" అంది.

ఆమె భగ్గుమంది. "ఇదేం అన్యాయమమ్మా! పేరు చూపించాక కూడా స్టూడియోనేనా? మాటంటే మాటేనని నువ్వే కదా..."

"నీతో కాదే అంటున్నది. అబ్బాయితో."

"నన్నాండీ? ఎందుకండీ?"

"ఫోటో తీయాలి."

"నా దగ్గర పాస్‌పోర్టు ఫోటోలున్నాయండీ. పోయిన నెలే తీయించుకున్నాను."

"నీ దగ్గరుంటే చాలా? మా ఇంట్లో ఒకటుండొద్దూ?" అంటూ అమ్మ ఖాళీ కప్పు అతని చేతిలో పెట్టి, పక్క స్టాల్లో కార్లు చూడటానికి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు, చుట్టూ మూడు వేల మంది ఉన్నా.

"మా అమ్మకు తొందరెక్కువ" అందామె. ముఖమంతా వేడెక్కింది. "మిమ్మల్ని చూసి పది నిమిషాలు కాలేదు. నేను చూసీ నాలుగు గంటలే."

"నేను చూసి నెలైందండీ" అన్నాడతను నవ్వుతూ. "తొందరేం లేదు. పదింటికి కాకపోతే పదకొండింటికి వస్తాను."

ఆ నవ్వును ఎదురుగా చూడలేక ఆమె కెమెరా అడ్డం పెట్టుకుంది. ఒక కన్ను మూసింది. "కదలకండి. ఆ ఫైలుకి పెట్టిన పేరేంటో ముందు చెప్పండి."

"ఇప్పుడు నిచ్చెన లేదు కాబట్టి చెప్తాను. నాలుకమ్మ."

"నాలుకమ్మా!"

అరిచింది గానీ కెమెరా దించలేదు. నాలుక మళ్ళీ పెదవి మూలకు వచ్చేసిందని తెలుస్తూనే ఉంది. ఎవరైనా చూస్తుంటే లోపలికి లాక్కోవడం ఆమె అలవాటు. ఈసారి లాక్కోలేదు. అతని నవ్వు ఫ్రేములో సరిగ్గా కుదిరేదాకా ఆగి, నొక్కింది.

"ఈ ఫోటో కింద నా పేరు సరిగ్గా లేకపోయిందో, చూడండి మీ సంగతి!" అంది.