నలభై రెండు డిగ్రీల అబద్ధం

ఇళంగోవన్ కాఫీ సగమే తాగాడు. మిగతా సగం తాగడానికి ప్రాణం మిగల్లేదు.

పెనాంగ్ దీవిలో, విమానాశ్రయం రోడ్డు మీది కాఫీ హోటల్లో, పట్టపగలు, చుట్టూ జనం నూడుల్స్ తింటుండగానే జరిగిందది. కప్పులో విషం ఎవరు కలిపారో ఒక్కరూ చూడలేదు. టేబుల్ మీదికి ఒరిగిపోయే ముందు అతను ఫోన్‌లో ఒకే ఒక్క మాట అనగలిగాడు.

"నలభై రెండుని నమ్మొద్దు."

ఆ మాట విన్నది గూఢచారుల డిపార్ట్‌మెంట్ చీఫ్ పువాన్ రొహాయా. భోజనాల వేళ దాటేసరికి ఏజెంట్ ఖూ టెక్ సూన్ ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

ఖూ గురించి ఓ మాట చెప్పాలి. అతనికి భయం ఎక్కువ. లిఫ్ట్ అంటే భయం, కుక్కలంటే భయం, పళ్ళ డాక్టరంటే మరీ భయం. అలాంటివాడు గూఢచారి ఎలా అయ్యాడని డిపార్ట్‌మెంట్‌లో అందరూ నవ్వుకుంటారు. నవ్వినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు లేరు. ఖూ ఉన్నాడు.

"ఇళంగోవన్ తెలుక్ మెరాంతి రాడార్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీర్. మన మనిషి" అంది రొహాయా. "జలసంధి మీద ఎగిరే విమానాలన్నిటికీ దారి చూపేది అక్కడి కంప్యూటరే. సాయంత్రం గాలివాన ఉంది. సరిగ్గా ఆ టైముకి దాన్ని చంపాలని నీలిరెక్క ముఠా ప్లాన్."

"చస్తే?"

"మబ్బుల్లో ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలీదు. గుద్దుకుంటారు."

ఖూ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మేడం, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. కుచింగ్ నుంచి సాయంత్రం దిగే ఫ్లైట్‌లో మా అమ్మాయి హుయ్ షీ వస్తోంది. నా చేతులు ఇప్పుడే వణుకుతున్నాయి."

"అందుకే నీకిస్తున్నా. ధైర్యవంతులు సరిగ్గా చూడరయ్యా."

ఆమె బల్ల మీద పిస్తోలు లాంటి వస్తువొకటి పెట్టింది. ట్రిగ్గర్ నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్క పడ్డచోట వేడి ఎంతో వెనక అంకెల్లో కనిపిస్తుంది.

"కాలుస్తుందా?" అన్నాడు ఖూ ఆశగా.

"కాల్చదు. కొలుస్తుంది. అక్కడ మన డబుల్ ఏజెంట్ డెల్ఫీన్ ఖోర్ ఉంటుంది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు పంపుతోంది. 'ఉక్కగా ఉంది' అను. 'వానొస్తే తగ్గుతుంది' అంటుంది."

బయటికి వస్తూనే ఖూ కూతురికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. విమానం ఎక్కేసింది.

* * *

ఏసీ మెకానిక్ నీలం యూనిఫాంలో, భుజాన పనిముట్ల సంచితో ఖూ రాడార్ కేంద్రంలో అడుగుపెట్టాడు. కంట్రోల్ రూమ్‌కీ కంప్యూటర్ హాలుకీ మధ్య మందపాటి అద్దపు గోడ. అటువైపు మాట ఇటు వినపడదు. తెరల ముందు డ్యూటీ చీఫ్ జమ్హారీ మైకులో విమానాలతో మాట్లాడుతున్నాడు. కిటికీల అవతల ఆకాశం అప్పుడే నల్లబడుతోంది.

హాల్లో డెల్ఫీన్ ఖోర్ ఎదురైంది. పట్టు కెబాయా రవిక, ముత్యాల దుద్దులు, మల్లెల సెంటు. కంప్యూటర్ల కంపెనీ సలహాదారుగా వచ్చిందని మెళ్ళో కార్డు చెబుతోంది.

"ఉక్కగా ఉంది" అన్నాడు ఖూ.

"వానొస్తే తగ్గుతుంది" అని నవ్వింది. "అలా చెమటలు పడుతున్నాయేంటి బాస్? ఇక్కడ ఏసీ బాగానే ఉందే!"

"ప్రాసెసర్ల వేడి చూడాలి."

ఆమె తెర చూపించింది. వరసగా అన్ని ప్రాసెసర్ల పక్కనా ఒకటే అంకె. నలభై రెండు. ఖూకి ఇళంగోవన్ ఆఖరి మాట గుర్తొచ్చింది.

"ఈ అంకె ఎవరు చెప్తున్నారు?"

"చిప్ లోపలి సెన్సర్. అయితే అది డిగ్రీలు చెప్పదు. 'నా హద్దుకి ఇంకా ఇంత దూరంలో ఉన్నాను' అని చెప్తుంది. ఆ హద్దులోంచి దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ఫ్యాన్లు ఎంత తిరగాలో కూడా ఆ లెక్కే చెప్తుంది."

"మరి ఆ లెక్కనే ఎవరైనా మార్చి రాస్తే?"

ఆమె కళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వెంటనే భుజాలెగరేసింది. "అనుమానముంటే మీ తుపాకీతో చూసుకోండి."

ఖూ ఒక యంత్రం మూత తీశాడు. ప్రాసెసర్ మీద అద్దంలా తళతళలాడే అల్యూమినియం దిమ్మ ఉంది. ఎర్ర చుక్క దాని మీద పెట్టాడు. ఇరవై తొమ్మిది.

"చూశారా? చల్లగా ఉంది. ఇద్దరు సాక్షులూ ఒకటే అంటున్నారు. వెళ్ళి కాఫీ తాగండి."

ఖూ గుండె తేలికపడింది. కాసేపే. ఇద్దరూ ఒకటే ఎక్కడన్నారు? ఒకడు నలభై రెండంటే ఇంకొకడు ఇరవై తొమ్మిదన్నాడు. పైగా హాలంతా పనిలో మునిగి ఉంటే ఆ నలభై రెండు ఒక్కసారైనా నలభై మూడు కాదేం? బతికున్న చిప్ వేడి క్షణానికోలా ఊగుతుంది. నిలకడగా ఉండేది గోడ మీది బొమ్మే.

అతను యంత్రాల బీరువాల వెనక్కి నడిచాడు. ఆ స్థలాన్ని కాచే దేవుడు దాతుక్‌కి పనివాళ్ళు అక్కడో ఎర్ర చెక్క గూడు పెట్టుకున్నారు. హాల్లో నిప్పు పనికిరాదు కనక కొవ్వొత్తులు వెలిగించకుండానే నిలబెడతారు. ఆ వెలిగించని కొవ్వొత్తులు రెండూ నడుం విరిగి, తలలు గూటి పలక మీద వాల్చి ఉన్నాయి. ముందు పెట్టిన అరటిపళ్ళు నల్లబడిపోయాయి.

నేల తుడుస్తున్న ముసలామెని ఖూ అడిగాడు. "ఏంటక్కా, ఇవిలా వంగాయి?"

"దాతుక్‌కి కోపమొచ్చింది తమ్ముడూ. నిన్నట్నుంచి ఇంతే. అందుకే ఇంకో అరటి అత్తం పెట్టాం. అయినా శాంతించట్లేదు" అని బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

యంత్రాల వెనకనుంచి వచ్చే గాలి ఖూ మొహానికి కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది. చిప్ నలభై రెండు దగ్గరుంటే దాన్ని తాకి వచ్చే గాలి మైనాన్ని ఎలా వంచుతుంది? తుపాకీ కూడా మోసపోయింది. అది కొలిచింది లోహాన్ని కాదు, ఆ మెరుపులో కనబడే చల్లటి గదిని.

వెనక మల్లెల సెంటు వాసన వచ్చింది.

"మీరు పిరికివాళ్ళని చెప్పారు" అంది డెల్ఫీన్. ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి గొట్టం అతని గుండెకి గురిపెట్టి ఉంది. "తెలివైనవాళ్ళని చెప్పలేదు. ఇళంగోవన్ కూడా ఇక్కడే నిలబడి చూశాడు పాపం. గాలివానకి విమానాలన్నీ ఒకేసారి గుమిగూడతాయి, పని పెరుగుతుంది, ఇవన్నీ ఒకేసారి మాడతాయి. ఇది పేలిస్తే గోల. మీరు ఇక్కడే ఉండండి."

ఆమె అతని ఫోన్ లాక్కుని, బయటికి జారుకుని, తలుపు తాళం వేసింది.

ఖూ అద్దపు గోడ దగ్గరికి పరుగెత్తి రెండు చేతులా బాదాడు. అవతల జమ్హారీ తలెత్తి చూశాడు, తెర వైపు చూశాడు, నలభై రెండు కనబడింది, విసుగ్గా చెయ్యి ఊపి మళ్ళీ మైకులో పడ్డాడు. అతని తెర మీద చిన్న పచ్చ చుక్కలు గుంపుగా దగ్గరవుతున్నాయి. వాటిలో ఒకదాంట్లో హుయ్ షీ ఉంది. సీటు బెల్టు పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, ఏమీ తెలియకుండా ఉంది. ఖూకి ఏడుపొచ్చింది.

జీవితంలో అంత భయం అతనెప్పుడూ పడలేదు. మూత తీసిన యంత్రం దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆ తళతళలాడే దిమ్మ మీద ఆనించాడు. అరుపు హాలంతా మారుమోగింది. అయినా కాసేపు తియ్యలేదు. తర్వాత ఆ చేతిని తెచ్చి అద్దానికి అతికించాడు.

జమ్హారీ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. తాళంచెవితో పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు.

"పిచ్చా నీకు? ఏంటా చెయ్యి?"

"తెర మీద ఎంతుంది?"

"నలభై రెండు!"

"నలభై రెండు డిగ్రీలకి చర్మం ఇలా ఊడుతుందా బాస్?"

జమ్హారీ తెర వైపోసారి, ఆ చేతి వైపోసారి చూశాడు.

"స్టాండ్‌బై కంప్యూటర్‌కి మార్చండి. దాన్లో ఎవరూ ముట్టుకోని పాత సాఫ్ట్‌వేరే కదా?"

"మారేలోపు తెరలు నల్లబడతాయయ్యా! అరనిమిషం గుడ్డివాళ్ళం. ఈ వానలో, పైన ఇన్ని..."

"మార్చకపోతే తెల్లారేదాకా గుడ్డివాళ్ళమే. పైన నా కూతురుంది. అయినా మార్చమంటున్నా."

జమ్హారీ అతని మొహంలోకి చూశాడు. మైకు అందుకున్నాడు. "అన్ని విమానాలకూ. ఉన్న ఎత్తులోనే, ఉన్న దారిలోనే వెళ్ళండి. నేను చెప్పేదాకా ఎవరూ తిరగొద్దు." స్విచ్ తిప్పాడు.

తెరలు నల్లబడ్డాయి. కిటికీల మీద వాన రాళ్ళు విసిరినట్టు కొడుతోంది. ఖూ కాలిన చేతిని గుండెలకి అదుముకుని, చిన్నప్పుడు మానేసిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా గొణుక్కున్నాడు.

ఒక పచ్చ చుక్క వెలిగింది. ఇంకొకటి. తర్వాత అన్నీ వెలిగాయి.

సరిగ్గా అప్పుడే అద్దం వెనక టప్ మని చప్పుడైంది. అంతదాకా నడిచిన యంత్రాల్లోంచి బూడిదరంగు పొగ లేచింది. వాటి తెర మీద ఇంకా నలభై రెండే ఉంది.

డెల్ఫీన్ ఖోర్ కారుకి వేగంలో ఆ దీవి మొత్తంలో సాటి లేదు. అయితే అది పెనాంగ్ వంతెన మీద, సాయంత్రం ట్రాఫిక్‌లో దొరికింది. పోలీసులు గొడుగులేసుకుని నడిచి వెళ్ళి పట్టుకున్నారు.

ఆస్పత్రిలో ఖూ చేతికి కట్టు కట్టారు. హుయ్ షీ తడిసిన బ్యాగుతో వచ్చి, విమానం ఎంత కుదిపేసిందో చెప్పి చెప్పి, తండ్రి నుదుటి మీద చెయ్యి వేసింది.

"నాన్నా, ఒళ్ళు కాలిపోతోంది!"

నర్సు నుదుటికి పిస్తోలు లాంటి చిన్న యంత్రం గురిపెట్టి నొక్కింది. "నార్మల్ అమ్మా. ముప్ఫై ఆరున్నర. మెషిన్ అబద్ధం చెప్పదు."

ఆ మాట వినగానే ఏజెంట్ ఖూ మంచం దిగి చెప్పులు వెతుక్కున్నాడు.