రాజావారి ముఖమల్ గొడుగు

గొడుగు బాషా కూతురు రాజావారి ఇంటిమీదే పోటీకి దిగుతోందట, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనట! మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ పక్కింటి కోటిరత్నం అన్న మాటలివి. మిరపకాయ ఘాటు పాకడానికైనా గాలి కావాలి, ఊళ్లో మాటకి అదీ అక్కర్లేదు. గౌస్ బాషా వేపపుల్ల పారేసి మొహం కడుక్కునేలోపే అది గడప దాటి లోపలికొచ్చేసింది.

"ఏమే నస్రత్, నిజమేనా?"

"నిజమే నాన్నా. సర్పంచికి రేపు నామినేషన్ వేస్తున్నా."

"రాజావారి మనవరాలు హారికమ్మ వేస్తోందని తెలిసే?"

"తెలిసే."

బాషా అరుగుమీద కూలబడ్డాడు. తరతరాలుగా బాషా ఇంటి మగవాళ్ల పని ఒకటే. దివాణం నుంచి రాజావారు ఏ మంచిపనికి బయల్దేరినా వెండి పిడి ముఖమల్ గొడుగు పట్టుకుని ఒక అడుగు వెనక నడవడం. జమీ పోయింది, పల్లకీకి చెదలు పట్టింది, గొడుగు మాత్రం బాషా ఇంటి దూలానికి గుడ్డసంచిలో వేలాడుతూనే ఉంది. ఇప్పటి రాజావారు సోమరాయణింగారు మొదటిసారి ఎమ్మెల్యేకి నామినేషన్ వేసిననాడు అది పట్టింది బాషాయే. ఆయన మంత్రయి ఊరేగింపుగా వచ్చిననాడూ, ఓడిపోయి ఒక్క దండైనా లేకుండా దిగిననాడూ పట్టింది బాషాయే.

ఆయన్ని తలుచుకుంటే బాషాకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రాజుగా పుట్టి, గూడెంలో నులకమంచం మీద కూర్చుని జొన్నసంకటి తిన్న మనిషి. మంత్రిగా ఉండి, కాలవకోసం తన ప్రభుత్వం మీదే అలిగి అసెంబ్లీ మెట్లమీద కూర్చున్న మనిషి. ఆ నీళ్లొచ్చాకే ఈ నల్లరేగడిలో మిరప నిలిచింది. ఉన్న మహలు ఆడపిల్లల కాలేజీకి రాసిచ్చి, తను వెనకవైపు వంటసాల గదుల్లోకి మారాడు. నస్రత్ డిగ్రీ చదివింది ఆ మహల్లోనే.

"ఆయనిచ్చిన కాలేజీలో చదివి ఆయనింటికే ఎదురు నిలబడతావటే?"

"చేరినరోజున ఆయనే చెప్పారు నాన్నా, ఎవరికీ భయపడకుండా నిలబడండమ్మా అని."

"అవి మైకులో చెప్పే మాటలే, పిచ్చిదానా!"

"నాకేం తెలుసు? నిజమనుకున్నా."

బాషా గొంతు లేచింది. "రేపు హారికమ్మకి గొడుగు పట్టాల్సింది నేను! నువ్వు ఎదురొస్తే ఏ మొహంతో పట్టను? ఆ కాగితం వేశావో, మళ్లీ ఈ గడప తొక్కకు!"

నస్రత్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పొయ్యి దగ్గర సర్దార్‌బీ మొగుడి వంకే చూసింది.

అంతలో వీధి సద్దుమణిగింది. కల్లంలో ఆడవాళ్లు కొంగులు సర్దుకుని లేచి నిలబడ్డారు. ముసలి రాజావారు చేతికర్ర ఊతంగా, చుర్రుమనే పొద్దుటెండలో, ఒంటరిగా నడిచొస్తున్నారు.

"అయ్యో దొరా!" బాషా లోపలికి పరుగెత్తి, గొడుగు తెచ్చి, వాకిట్లోనే ఆయన తలమీద పట్టాడు. రాజావారు నులకమంచం మీద కూర్చున్నారు.

"నామినేషన్ వేస్తున్నావంటగా అమ్మాయ్?"

"అవునండి."

"వెయ్యి. పోటీ లేకపోతే మా హారికకి ఊరంటే ఏంటో తెలీదు. ఓడిపోయాకే కదా నేనూ ఊరు తిరగడం నేర్చుకుంది." తర్వాత బాషా వైపు తిరిగారు. "ఒరేయ్ బాషా, రేపు గొడుగు వద్దు. నీ కూతురితో నడువు. వెనక కాదురా, పక్కన."

బాషా గొడుగు పక్కన పెట్టి ఆయన కాళ్లమీద పడిపోయాడు. నస్రత్ వచ్చి తండ్రి భుజం పట్టుకుంటే, ఆ చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పయిపోయింది తల్లీ, ఈ గడప నీదేనే."

గోడవతల కోటిరత్నం కూడా కళ్లొత్తుకుంది. రాజావారు బాషాని లేవదీశారు.

"నీ రుణం ఎట్టా తీర్చుకోనురా? బతుకంతా నా నెత్తిన ఎండ పొడ పడనివ్వలేదు నువ్వు."

సర్దార్‌బీ మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, కమిలి నల్లబడిన మొగుడి బట్టతల వంక చూసింది.

"ఆ ఎండంతా ఈయన నెత్తిన పడింది దొరా."