మైనంలో ముంచని పికప్

ఎలక్ట్రిక్ గిటార్లకి తీగల మోతని పట్టి ఆంప్లిఫయరుకి అందించే పికప్‌లు చుట్టే ఆ కొట్టు వెనక గదిలో మామగారున్నన్నాళ్ళూ రెండే వాసనలు. కాలిన సోల్డరు, కరిగిన మైనం. ఆయన పోయాక మైనం వాసన పోయింది. అల్లుడికి మైనం అంటే పడదు. ఆ మాటకొస్తే మామగారు తాకిన ఏ వస్తువూ పడదు.

అయస్కాంతాల చుట్టూ రాగి వైరు చుట్టడం తప్ప ముసలాయన జన్మలో చేసిందేముందని పెళ్ళాన్ని దెప్పడం అతగాడికి రోజూ కాఫీ తాగినంత మామూలు. పెద్దాయన చేత్తో మర తిప్పుతూ, జుట్టు కన్నా సన్నటి వైరుని వేళ్ళ సందున జారనిస్తూ చుట్టేవాడు. అప్పుడు గదిలో ఎవరూ కిక్కురుమనకూడదు. అవగానే పికప్‌ని కరిగిన మైనంలో ముంచేవాడు. ఎందుకు నాన్నా అని కూతురడిగితే, వదులు చుట్లు ఊరుకోవమ్మా, తీగల మోతతో పాటు గదిలో మాటలు కూడా పట్టేస్తాయి, మైనం లోపలికి దిగితేగానీ నోరు మూయవు అనేవాడు.

ఇలా ఉండగా రింగుల జుట్టు గిటారిస్టు ఒకడు పాత గిటారు పట్టుకొచ్చాడు. మామగారు చుట్టిన పికప్‌లో వైరు తెగింది. మళ్ళీ అదే నాదం కావాలన్నాడు.

అల్లుడు కొత్త మెషీను మీద చుట్టాడు. చుట్లు ఇస్త్రీ బట్టలు పేర్చినట్టు కుదిరాయి. మీటితే మోత దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంది. చుట్లు తగ్గించి చూశాడు. గలగలమంది గానీ నీళ్ళ మజ్జిగలా పలచబడింది. భార్య రెండూ విని, ఇది నాన్నది కాదంది.

అతగాడికి ఒళ్ళు మండింది. "సాయంత్రానికి మీ నాన్నని తలదన్నేలా చుడతాను. అప్పుడు ఆ చేతి మర, ఆ పీట, ఆ మైనం గిన్నె అన్నీ పాత ఇనుము వాడికే."

"చుట్టలేకపోతే?"

"జన్మలో ఆయన ఊసెత్తను."

ఆమె ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

బయట మబ్బు దిగి గది మసకబారింది. వాన మొదలైంది. అల్లుడు మామగారి పీట మీద కూర్చుని మర తిప్పాడు. చేత్తో వేస్తే చుట్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. చేతి కన్నా నోరు ఎక్కువ ఆడింది. ముసలి వెధవాయి, వైరు చుట్టడానికి మౌనవ్రతమా, పెద్ద మొనగాడివి... ఇలా చివరి చుట్టు దాకా తిడుతూనే ఉన్నాడు.

మైనంలో ముంచలేదు. గిటారు తీగల కింద ఇరికించి, వైర్లు ఆంప్లిఫయరుకి తగిలించి మీటాడు.

అచ్చం మామగారి నాదం. చివర్న చిన్న మెరుపుతో సహా.

"చూశావా ముసలోడా," అన్నాడు.

చూశావా ముసలోడా, అంది ఆంప్లిఫయరు.

నవ్వుకున్నాడు. మైనం లేని పికప్ మైకులా మాట లాగేస్తుందని అతనికి తెలియందేం కాదు. నోరు మూసుకున్నాడు.

ఆంప్లిఫయరు మూసుకోలేదు.

ముసలి వెధవాయి... మౌనవ్రతమా... పెద్ద మొనగాడివి...

అతని గొంతే. ఇందాకటి మాటలే. ఒక్కటీ పొల్లుపోకుండా... నెమ్మదిగా...

ఎవరది, అందామనుకున్నాడు. పెదాలు కదిలాయి. మాట మాత్రం ఆంప్లిఫయరు పెట్టెలోంచి వచ్చింది.

గొంతు పట్టుకున్నాడు. మళ్ళీ అన్నాడు. గొంతులో అదురు లేదు. పెట్టె అదిరింది.

మోత విని భార్య వచ్చింది. వస్తూనే ఆంప్లిఫయరు కట్టేసింది.

గది నిశ్శబ్దమైంది. అతనూ నిశ్శబ్దమయ్యాడు.

"విన్నానండీ. అచ్చం నాన్నదే. మీరే గెలిచారు," అంది. కళ్ళు తుడుచుకుంది. "గెలిచి కూడా మాట్లాడరేం?"

అతను నోరు తెరిచాడు. ఏమీ లేదు. వాన చప్పుడు తప్ప.

ఆమె తీగల కిందనుంచి పికప్‌ని తీసింది. "ఈ ఒక్కటీ కూడా నాన్నలాగే చేసేద్దాం. గిన్నె కాగే ఉందిగా."

అతను ఉలిక్కిపడి తిరిగాడు. మూలన గిన్నెలో మైనం కరిగి, నూనెలా మెరుస్తోంది. వాసన గదంతా కమ్ముకుంది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దు వద్దని తల ఊపాడు.

"చెయ్యి కాలుతుంది, తప్పుకోండి," అని ఆమె పికప్‌ని మెల్లగా లోపలికి వదిలింది.

బుడగలు వచ్చాయి. సందుల్లో గాలి పోయేదాకా వస్తాయి, అది మామూలే.

"ఇంతకీ పొయ్యి ఎప్పుడు వేశారు?"

కరెంటు పొయ్యి ప్లగ్గు గోడకి లేదు. నేల మీద పడి ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

బుడగలు ఆగలేదు. ఒకటి... కాస్త ఆగి ఇంకొకటి... అతని ఊపిరితో సమంగా. అతనికి అనుమానం వచ్చింది. ఊపిరి బిగబట్టాడు.

బుడగలు ఆగిపోయాయి.

కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి. అతనింకా ఊపిరి వదల్లేదు.